నిలకడగా విషమం

పేరున్న పాతతరం నటుడు ఆస్పత్రిలో చేరాడన్న కబురు బయటికొచ్చిన గంటలో మూడు రకాల ఇంగ్లీషు మన మీద పడుతుంది. ఒకటి అభిమానులది: "హీ ఈజ్ సీరియస్", "బ్రెయిన్ స్ట్రోక్ అంట", "స్టంట్ వేశారంట". రెండోది ఆస్పత్రిది: "హీమోడైనమికల్లీ స్టేబుల్", "అండర్ క్లోజ్ మానిటరింగ్". మూడోది ఈ రెండింటినీ గబగబా తెలుగులోకి దింపే వార్తలవాళ్లది. భాష మీద పట్టింపున్న పెద్దలు ఎప్పుడు విసుక్కున్నా మొదటి రకం మీదే విసుక్కుంటారు. అది అమాయకపు ఇంగ్లీషు. వ్యాకరణం తప్పినా విషయం తప్పదు. విసుక్కోవాల్సింది రెండో రకం మీద. దానికి వ్యాకరణంలో వంక పెట్టలేం, అర్థం మాత్రం వెతుక్కోవాలి.

"హీ ఈజ్ సీరియస్" సంగతే చూడండి. ఇంగ్లండువాడికి ఆ వాక్యం వినిపిస్తే ఆయన నవ్వులాటకి అనడం లేదు అని అర్థమవుతుంది. మంచాన పడ్డ హాస్యనటుడి గురించి అదే మాట రాస్తే వాడు బుర్ర గోక్కుంటాడు. తెలుగువాళ్లలో ఎవరికీ ఆ చిక్కు లేదు. "సీరియస్‌గా ఉంది" అంటే రావాల్సినవాళ్లు బయల్దేరండి అని. "ఎక్స్‌పైర్ అయ్యారు" అన్నా అంతే. మందు సీసాకీ డ్రైవింగ్ లైసెన్సుకీ వాడే మాట మనిషికి వాడతారా అని నవ్వేవాళ్లు నవ్వుతారు, కానీ విన్నవాడికి సమాచారం పూర్తిగా అందింది. "బ్రెయిన్ స్ట్రోక్"లో బ్రెయిన్ అదనం, స్ట్రోక్ వచ్చేదే మెదడుకి. ఉన్నా నష్టం లేదు. వడదెబ్బని కూడా స్ట్రోక్ అనే మాటతోనే పిలుస్తున్న చోట ఆ అదనపు మాట కాస్త పనికొస్తుంది కూడా.

ఇక "స్టంట్". గుండె రక్తనాళంలో పెట్టే సన్నటి లోహపు జాలీ గొట్టం పేరు స్టెంట్. వెడల్పు సుమారు రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. మన నోట అది స్టంట్ అయింది. ఫైట్ మాస్టర్ చూసుకోవాల్సిన పని కార్డియాలజిస్టు చేతికొచ్చింది. నవ్వొస్తుంది, అంతవరకే. ఏం పెట్టారో, ఎక్కడ పెట్టారో ఎవరూ పొరబడరు.

ఇదే ఇంట్లో పుట్టిన ఇంకో మాట ఉంది, "యాంజియో". "నిన్న యాంజియో చేశారు" అని రాస్తారు. యాంజియోగ్రామ్ అయితే అది పరీక్ష. మణికట్టు దగ్గరో గజ్జల్లోనో సన్నటి గొట్టం దూర్చి, రంగుమందు వదిలి, ఎక్కడ పూడుకుందో ఫోటో తీస్తారు. యాంజియోప్లాస్టీ అయితే అది మరమ్మతు. పూడుకున్న చోట బెలూన్ ఉబ్బించి, సాధారణంగా స్టెంట్ పెట్టి వస్తారు. మొదటిదాని తర్వాత అసలు కథ మొదలుకావచ్చు, బైపాస్ అనొచ్చు, మందులు చాలనొచ్చు. రెండోదాని తర్వాత ఒక మెట్టు దాటినట్టు. సగానికి కోసిన "యాంజియో"లో ఆ తేడా మొత్తం పోయింది. స్టంట్‌ని క్షమించి దీన్ని క్షమించకపోవడానికి కారణం అదొక్కటే. ఏ మాటనైనా ఇలాగే తూకం వేయాలి: తప్పుందా అని కాదు, ఏం పోయింది అని.

ఈ తూకంలో అన్నిటికన్నా తేలిపోయే మాట "స్టేబుల్".

వైద్యంలో దానికి కచ్చితమైన అర్థం ఉంది. నాడి, రక్తపోటు, శ్వాస వేగం, ఒంటి వేడి, రక్తంలో ఆక్సిజన్ అన్నవి కొద్ది గంటలుగా పెద్దగా మారలేదని. అంతే. బాగున్నారని కాదు, కోలుకుంటున్నారని అసలే కాదు. నేలమీద ఉన్న బండరాయీ నిలకడే, కొండ అంచున ఉన్న బండరాయీ నిలకడే. అందుకే అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ రోగి పరిస్థితి చెప్పడానికి సూచించిన మాటల్లో గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్ ఉన్నాయి గానీ స్టేబుల్ లేదు. దాన్ని విడిగా వాడొద్దని, వేరే మాటకి తగిలించి కూడా వాడొద్దని ఆ సూచనల్లోనే ఉంది. క్రిటికల్ అంటేనే నిలకడ లేదని అర్థం, దానికి స్టేబుల్ తోక తగిలిస్తే మాటకి మాట కొట్టేసుకుంటాయి. మన దగ్గర "క్రిటికల్ బట్ స్టేబుల్" రోజూ వస్తుంది. తెలుగులో "విషమంగా ఉన్నా నిలకడగా ఉంది" అవుతుంది. చదివిన అభిమాని తనకి కావలసిన సగం తీసుకుని పడుకుంటాడు.

ఇక్కడ డాక్టర్ల తప్పు పూర్తిగా లేదు. ఐసీయూ డాక్టరు కేస్ షీట్‌లో రాసే వాక్యం ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది: వెంటిలేటర్ మీద, ఇంత ఆక్సిజన్‌తో, బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు ఇంత మోతాదులో నడుస్తుండగా, రక్తప్రసరణ వరకు నిలకడ. అది ప్రెస్ నోట్ అయ్యేసరికి "హీమోడైనమికల్లీ స్టేబుల్ ఆన్ సపోర్ట్" అవుతుంది. టీవీ స్క్రోలింగ్‌కి చేరేసరికి "స్టేబుల్". తెలుగు సైట్‌లో శీర్షిక అయ్యేసరికి "నిలకడగా ఆరోగ్యం". నాలుగు మజిలీల్లో షరతులన్నీ రాలిపోయాయి, చివరికి ఆరోగ్యం అనే మాట కొత్తగా వచ్చి చేరింది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి విషయంలో ఆరోగ్యం అనే మాట ఎలా పుట్టిందో ఎవరూ అడగరు.

రాలిపోయిన షరతుల్లోనే అసలు వార్త ఉంటుందని చెప్పడానికి ఒక లెక్క చూపిస్తాను. 60 కిలోల పెద్దాయన అనుకుందాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోతే నోరడ్రినలిన్ అనే మందు పంపు ద్వారా ఎక్కిస్తారు. మోతాదు కిలోకి నిమిషానికి 0.05 మైక్రోగ్రాములు అనుకుంటే నిమిషానికి 3 మైక్రోగ్రాములు పడతాయి. బీపీ 110/70 దగ్గర నిలబడింది. మర్నాటికి అదే 110/70 నిలబెట్టడానికి 0.5 కావాల్సి వచ్చింది, అంటే నిమిషానికి 30. మానిటర్ మీద అంకె మారలేదు. రోగి పదింతలు మందు మీద ఆధారపడ్డాడు. ఆక్సిజన్ కూడా అంతే. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వెంటిలేటర్ 40 శాతం ఇస్తే రక్తంలో 95 ఉండటం వేరు, 90 శాతం ఇస్తే అదే 95 ఉండటం వేరు. రెండు రోజులూ బులెటిన్‌లో "స్టేబుల్" అనే రాయొచ్చు, అబద్ధం కాదు. కానీ ఆయన మెట్లు దిగిపోతున్నాడు. కాబట్టి బులెటిన్ చదివేవాళ్లు వెతకాల్సింది అంకెను కాదు, ఆ అంకెను నిలబెట్టడానికి నిన్నటికన్నా ఎక్కువ సాయం కావాల్సి వచ్చిందా, తక్కువ కావాల్సి వచ్చిందా అన్నది. "మినిమల్ సపోర్ట్" నుంచి "మ్యాక్సిమల్ సపోర్ట్"కి మారిందంటే మిగతా వాక్యాలు ఎంత నింపాదిగా ఉన్నా లెక్క చేయనక్కర్లేదు. 2020 సెప్టెంబరు 24న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గురించి వచ్చిన బులెటిన్‌లో ఆ మ్యాక్సిమల్ అన్న మాట ఉంది. మర్నాడు ఆయన పోయారు. వారాల తరబడి వెంటిలేటర్, ఎక్మో (రక్తాన్ని ఒంటి బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే యంత్రం) అన్న మాటలతో పాటు స్టేబుల్ చదివి అలవాటైపోయినవాళ్లకి అది పిడుగు. మాట తెలిసినవాళ్లకి ముందురోజే తెలుసు.

స్టేబుల్ తర్వాత ఎక్కువ గందరగోళం చేసే జంట హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్. రెండింటికీ మన వార్తల్లో ఒకటే మాట, గుండెపోటు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. ఆ సమయంలో మనిషికి స్పృహ ఉండొచ్చు, మాట్లాడొచ్చు, ఆటోలో ఆస్పత్రికి వచ్చినవాళ్లూ ఉన్నారు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె రక్తాన్ని తోడటం ఆపేసింది. మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు, నాడి దొరకదు. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు. కానీ రెండోది రావడానికి పొటాషియం పెరగడం, ఊపిరి అందకపోవడం, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ లాంటి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. 2022 నవంబరు 14న నటుడు కృష్ణని ఆస్పత్రికి తెచ్చినప్పుడు డాక్టర్లు చెప్పింది కార్డియాక్ అరెస్ట్. సీపీఆర్ చేసి, అంటే ఛాతీని పదేపదే నొక్కి, గుండెని తిరిగి కొట్టించారు, వెంటిలేటర్ మీద పెట్టారు. చాలాచోట్ల గుండెపోటు అనే వచ్చింది. మాట తేడాయే కదా అనిపించొచ్చు. గుండెపోటు అంటే చదివేవాడి ఆలోచన స్టెంట్ వైపో బైపాస్ వైపో పోతుంది. గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది అంటే మొదట అడగాల్సింది మెదడు గురించి. రక్తం అందకుండా నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే సీపీఆర్ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలంటారు. తెలుగులో "గుండె ఆగిపోయింది" అనే మాట శుభ్రంగా ఉంది. దాన్ని చావుకి మాత్రమే వాడాలన్న సంకోచం కొద్దీ పక్కన పెడుతున్నాం. "గుండె ఆగింది, మళ్లీ కొట్టించారు" అని రాస్తే పదో తరగతి పిల్లాడికీ అర్థమవుతుంది.

చనిపోయాక వచ్చే "డైడ్ ఆఫ్ కార్డియాక్ అరెస్ట్" అయితే ఇంకా ఘోరం. గుండె ఆగకుండా ఎవరు పోయారు గనక? మన దేశంలో ఆస్పత్రి మరణాలకి డాక్టరు నింపే ఫారం 4 ఉంది. ఏ జబ్బు వల్ల, ఏ దెబ్బ వల్ల పోయారో రాయాలి గానీ హార్ట్ ఫెయిల్యూర్ లాంటి పోయే తీరు రాయకూడదని ఆ ఫారంలోనే అచ్చువేసి ఉంటుంది. మొదటి భాగంలో కారణాలు మెట్లుమెట్లుగా రాయాలి. ఉదాహరణకి మొదటి గీత మీద న్యుమోనియా, దాని కింద మింగుడు సరిగా లేక తిండి ఊపిరితిత్తుల్లోకి పోవడం, దాని కింద ఆరు నెలల నాటి పక్షవాతం. రెండో భాగంలో షుగర్, కిడ్నీ జబ్బు లాంటి పక్క కారణాలు. ఆ మూడు గీతలు చదివితే ఒక ముసలి మనిషి చివరి ఆరు నెలలు కళ్లకు కడతాయి. వార్తలో అవన్నీ పోయి "గుండెపోటుతో కన్నుమూత" మిగులుతుంది.

ఇదే పని ఇంకా మర్యాదగా చేసే మాట "వయోభారం". ఇంగ్లీషులో "ఏజ్ రిలేటెడ్ ఎయిల్‌మెంట్స్". ఎనభై దాటిన నటుడికి ఏం జరిగినా ఈ సంచిలో వేసేస్తారు. ముసలితనంలో జబ్బులు నిజంగానే ఒకదానికొకటి ముడిపడి వస్తాయి, ఒప్పుకుంటాను. షాన్ కానరీ 2020లో 90 ఏళ్ల వయసులో పోతే మరణపత్రంలో న్యుమోనియా, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో పాటు వృద్ధాప్యం అని కూడా రాశారు. గమనించండి, పాటు. వృద్ధాప్యం ఒక్కటే రాసి చేతులు దులుపుకోలేదు.

వయోభారం సంచి విప్పితే మామూలుగా కనిపించేవి ఇవి. సోడియం పడిపోవడం: రక్తంలో లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్ ఉండాల్సింది 120కి దిగితే మనిషి తికమకపడతాడు, మగతలోకి పోతాడు, మూర్ఛ కూడా రావచ్చు. బీపీకి వాడే నీటి మాత్రలు, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేవి, దీనికి తరచు కారణం. ఇంట్లోవాళ్లు మతిమరుపు ముదిరిందనుకుంటారు, సోడియం జాగ్రత్తగా, మెల్లగా సరిచేస్తే మనిషి మళ్లీ మామూలు మనిషవుతాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్: కుర్రవాళ్లకి మంట, జ్వరం వస్తాయి, ముసలివాళ్లకి ఒక్కోసారి అవేవీ లేకుండా మాట తడబాటుతో మొదలవుతుంది. బాత్రూంలో జారిపడటం: తుంటి విరుగుతుంది, మంచం పడతారు, దగ్గి కఫం బయటికి తేలేరు, న్యుమోనియా వస్తుంది, లేదంటే కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల దాకా వెళుతుంది. ఈ మూడింటిలో మొదటి రెండూ వారంలో తగ్గే అవకాశం ఉన్నవి. మూడోది ఇంటిల్లిపాదీ నెలల తరబడి మోయాల్సింది. మూడింటికీ ఒకటే మాట వాడితే మిగతా ఇళ్లలోని పెద్దవాళ్లకి నష్టం. నటుడి జబ్బు వార్తని లక్షలమంది చదువుతారు. "సోడియం తగ్గి తికమకపడ్డారు, సరిచేశాక ఇంటికి పంపారు" అని ఒక్క వాక్యం వస్తే, ఆ రాత్రి ఎవరో ఒకరు తమ తండ్రికి రక్తపరీక్ష చేయించాలనుకుంటారు. వయోభారం చదివి ఎవరూ ఏ పరీక్షా చేయించరు.

తెలుగులో ఇలాంటి చోట్ల కళ్లతో చూసి చెప్పే మాటలు మనకి ముందే ఉన్నాయి. మాట పడిపోయింది, మూతి వంకరపోయింది, కాలూచెయ్యీ పడిపోయింది. స్ట్రోక్ గుర్తుపట్టమని ప్రపంచమంతా ప్రచారం చేసే మూడు గుర్తులూ అవే: ముఖం, చెయ్యి, మాట. రక్తపు గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్ అయితే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే మందు ఇవ్వాలి. కాబట్టి లక్షణం ఏంటో, ఎన్నింటికి మొదలైందో చెప్పడం కన్నా విలువైన సమాచారం లేదు. "స్వల్ప అస్వస్థత" అనే మాటలో రెండూ లేవు. రాత్రి రెండింటికి అంబులెన్సులో తీసుకెళ్లి "రొటీన్ చెకప్" అని నోట్ ఇవ్వడం గురించి చెప్పేదేముంది, ఆ వేళప్పుడు ఏ ల్యాబ్‌లోనూ రొటీన్ చెకప్ చెయ్యరు.

మాట పడిపోవడం నటుడికి రెండు ప్రాణాల్లో ఒకటి పోవడం. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ కుటుంబం ఈ విషయంలో చూపిన తెగువ నాకు నచ్చుతుంది. 2022 మార్చిలో ఆయనకి అఫేసియా అని, అందుకే నటన మానేస్తున్నాడని చెప్పారు. అఫేసియా అంటే గొంతు పోవడం కాదు, మెదడులో భాష పట్టు తప్పడం. అనాల్సిన మాట దొరకదు, ఎదుటివాడు అన్నది అందదు. అది లక్షణమే, దాని వెనక జబ్బు వేరే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఆ జబ్బు పేరు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అని మళ్లీ వాళ్లే చెప్పారు. అప్పుడు ఆయనకి 67 ఏళ్లు. "కొంతకాలంగా అనారోగ్యం" అని ఊరుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. పేరు చెప్పినందువల్ల, డిమెన్షియా అంటే మతిమరుపే కాదు, మాట తప్పడంతోనూ మొదలవుతుందని చాలామందికి మొదటిసారి తెలిసింది.

మన దగ్గరా ఆ తెగువ ఉంది. అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో విలేకరులని పిలిచి, తనకి క్యాన్సర్ వచ్చిందని తనే చెప్పారు. బులెటిన్ లేదు, ప్రతినిధి లేడు. మూడు నెలలకి, 2014 జనవరి 22న ఆయన పోయారు. ఆ మూడు నెలల్లో ఏం జబ్బు, దాస్తున్నారా అన్న గుసగుసలకి చోటే లేకుండా పోయింది. బాలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన కొడుకు చరణ్ చెప్పిన వీడియో కబుర్లు కూడా నాన్న కూర్చున్నారు, ఫిజియోథెరపీ చేయిస్తున్నారు అన్న ధోరణిలో ఉండేవి. ఆస్పత్రి నోటుకన్నా వాటిలోనే ఎక్కువ తెలిసేది. ఆస్పత్రి నోటు కూడా బాగుండొచ్చు. 2024 అక్టోబరు 1న రజనీకాంత్ గురించి వచ్చిన నోట్ చూడండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో వాపు, కోత లేకుండా గొట్టం ద్వారా స్టెంట్ పెట్టి వాపుని మూసేశారు, రెండు రోజుల్లో ఇంటికి పంపొచ్చు. అందులోనూ స్టేబుల్ ఉంది. కానీ ఏం జరిగింది, ఏం చేశారు, ఇక ఏం అవుతుంది అన్న మూడు మాటల మధ్య అది ఎవరికీ అపకారం చెయ్యలేదు.

మబ్బు మాటల వల్ల ఏమవుతుందో చూపే ఉదాహరణలు తమిళనాట ఉన్నాయి, ఇద్దరూ నటులుగా మొదలై ముఖ్యమంత్రులైనవాళ్లే. 1984 అక్టోబరులో ఎమ్జీఆర్ ఆస్పత్రిలో చేరారు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, పక్షవాతం వచ్చింది, అమెరికాలో బ్రూక్లిన్‌కి తీసుకెళ్లారు. ఉన్నారా లేరా అన్న అనుమానం ఎంతదాకా పోయిందంటే, ఎన్నికల ముందు ఆస్పత్రి గదిలో ఆయన్ని వీడియో తీసి ఊరూరా చూపించాల్సి వచ్చింది. 2016 సెప్టెంబరు 22న జయలలితని చేర్చినప్పుడు చెప్పిన కారణం జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం. 75 రోజుల తర్వాత డిసెంబరు 5న పోయారు. చివరి సాయంత్రం కొన్ని చానళ్లు ముందే పోయారని చెప్పేసి నాలిక కరుచుకున్నాయి. ఆమె మరణం మీద విచారణకి 2017లో ఆరుముగస్వామి కమిషన్ వేశారు, నివేదిక రావడానికి 2022 అయింది. జ్వరం నుంచి కమిషన్ దాకా నడిచిన ఈ దారిలో ఎన్ని "స్టేబుల్"లు ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. హిందీ నటుడు ధర్మేంద్ర విషయంలో ఇంకా సిగ్గుచేటు. 2025 నవంబరు 11న బతికున్న మనిషిని చంపేశారు, సంతాపాలు చెప్పిన ప్రముఖులు వాటిని తీసేసుకున్నారు, ఇంట్లోవాళ్లు బయటికొచ్చి బతికే ఉన్నారని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన పోయింది నవంబరు 24న.

అయితే రోగి గుట్టు సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. డాక్టర్ల నడవడిక మీద 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నియమాలు రోగి రహస్యాన్ని కాపాడమనే చెబుతాయి. నటుడైనంత మాత్రాన కిడ్నీల పనితీరు చెప్పే ఆయన క్రియాటినిన్ అంకె జనం సొత్తు కాదు. కానీ చెప్పకపోవడం వేరు, చెప్పినట్టు నటించడం వేరు. "కుటుంబం కోరిక మేరకు వివరాలు ఇవ్వడం లేదు" అన్నది నిజాయితీ గల వాక్యం, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. గుట్టు కాపాడాలనుకుంటే ఆ ఒక్క వాక్యం ఇచ్చి తలుపేసుకోవచ్చు. రోజుకి రెండు బులెటిన్లు ఇస్తూ, వాటిలో ఏమీ లేకుండా చూసుకోవడం గుట్టు కాపాడటం కాదు.

కొన్ని మాటల్లో మాత్రం జాగ్రత్త ప్రాణంతో సమానం. "వెంటిలేటర్ తీసేశారు" అనే వాక్యానికి రెండు అర్థాలు: సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు కాబట్టి తీశారు, ఇక లాభం లేదని తీశారు. సంబరం, సంతాపం రెండూ అవే రెండు మాటల్లో. మొదటిదైతే "సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు" అని రాస్తే సరిపోతుంది. వెంటిలేటర్ అన్న మాటలోనూ రెండు రకాలున్నాయి. ముక్కూ నోరూ మూసే మాస్క్ ద్వారా గాలి కొట్టే బైపాప్ మీద ఉన్న మనిషి కళ్లు తెరిచి చూస్తుంటాడు, సైగ చేస్తాడు. గొంతులోకి గొట్టం వేస్తే అది స్వరతంతుల మధ్య నుంచే పోతుంది, మాట రాదు, మత్తు కూడా ఇస్తారు. రెంటినీ కలిపేసి "వెంటిలేటర్‌పై" అని రాస్తున్నాం. "బ్రెయిన్ డెడ్" మరీ ప్రమాదం. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి చెప్పాల్సిన మాట అది. కోమాలో ఉన్నవాళ్లందరికీ దాన్ని తగిలించి, తర్వాత వాళ్లలో ఒకరు కళ్లు తెరిస్తే "మృత్యుంజయుడు" అని ఇంకో వార్త. చావలేదు, మృత్యువుని జయించనూ లేదు, మొదటి వార్త తప్పు.

మృత్యువంటే గుర్తొచ్చింది, ఈ పోరాటాల గోల. "లాస్ట్ హిజ్ బ్యాటిల్" నుంచి వచ్చిన "క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు". తెర మీద వందమందిని కొట్టినవాడు కాబట్టి రాసేవాడికి చెయ్యి ఊరుకోదు. చనిపోయినవాడిని ఓడినవాడిని చెయ్యడం ఏం మర్యాదో నాకు అంతుపట్టదు. "క్యాన్సర్‌తో పోయారు" అంటే చాలు.

మాటలు చాలు, ఒక నోట్ తీసుకుని చూద్దాం. ఇది ఏ ఆస్పత్రిదీ కాదు, రోజూ చూసేవాటి మచ్చు మాత్రమే: "ప్రముఖ నటుడు వయోభార సమస్యలతో మెరుగైన చికిత్స కోసం చేరారు. ప్రస్తుతం సపోర్ట్ మీద హీమోడైనమికల్లీ స్టేబుల్. చికిత్సకి స్పందిస్తున్నారు. మల్టీ డిసిప్లినరీ టీమ్ నిరంతరం పర్యవేక్షిస్తోంది. అభిమానులు ఆందోళన చెందవద్దు."

వార్తల డెస్క్‌లో ఉన్నవాళ్లు దీన్ని అలాగే దింపెయ్యకుండా ఫోన్ తీసి అడగాల్సినవి కొన్నే. ఏ లక్షణంతో వచ్చారు, ఎన్నింటికి? సపోర్ట్ అంటే ఏది, మాస్కా, గొట్టమా, బీపీ మందా, డయాలసిస్సా? నిన్నటికన్నా పెరిగిందా, తగ్గిందా? పిలిస్తే పలుకుతున్నారా? నోట్ మీద సంతకం ఎవరిది, ఎన్ని గంటలకి రాసింది? ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఉదయం తొమ్మిదింటి నోట్‌ని రాత్రి పదకొండింటికి "తాజా" అని వేస్తే, మధ్యలో ఏం జరిగినా ఆ శీర్షిక అబద్ధమవుతుంది. జవాబు రాకపోతే "సపోర్ట్ అంటే ఏమిటో ఆస్పత్రి చెప్పలేదు" అని రాసెయ్యాలి, సిగ్గుపడాల్సింది మనం కాదు.

జవాబులు వచ్చాయనుకుందాం. అప్పుడు నోట్ ఇలా అవుతుంది: "84 ఏళ్ల నటుడిని మంగళవారం రాత్రి ఊపిరి ఆడక ఆస్పత్రికి తెచ్చారు. రెండు ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉంది. గొంతులో గొట్టం వేసి యంత్రంతో శ్వాస ఇస్తున్నారు. ఆక్సిజన్ నిన్న 80 శాతం కావాల్సి వచ్చింది, ఇవాళ 60 సరిపోతోంది. బీపీ నిలబెట్టే మందు కూడా తగ్గించారు. మత్తులో ఉన్నారు, మత్తు తగ్గించినప్పుడు పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచారు. ప్రాణాపాయం ఇంకా తప్పలేదు."

ఇందులో భయపెట్టేదీ ఉంది, ధైర్యం చెప్పేదీ ఉంది, రెండూ వేటి చోట అవి ఉన్నాయి. "మెరుగైన చికిత్స కోసం" పోయింది. మొదట చేర్చిన ఆస్పత్రిని తక్కువ చేసే మాట అది, ఏ సదుపాయం లేక మార్చారో చెప్పగలిగితే చెప్పాలి, లేకపోతే వద్దు. "ఆందోళన చెందవద్దు" పోయింది, ఆ సంగతి చదివేవాళ్లు తేల్చుకుంటారు. మల్టీ డిసిప్లినరీ టీమ్ కూడా పోయింది. ఐసీయూలో ఉన్న మనిషిని డాక్టర్లు చూడకుండా ఉంటారని ఎవరూ అనుకోరు. ఆ వాక్యం తీసేస్తే ఒక గీత ఖాళీ వస్తుంది. తర్వాతి బులెటిన్ ఎన్ని గంటలకో అక్కడ రాయొచ్చు.